పేస్టీల గదిలో పాత జీను

కెజయా ట్రెలోర్ రోజూ పొద్దున్నే పిండి వత్తుతూ పద్యం కడుతుంది. పక్కగదిలో మంచం దిగకుండానే ఆమె మొగుడు జబెజ్ ఆ సంగతి కనిపెట్టేస్తాడు. అప్పడాల కర్ర చప్పుడు ఒకే తీరున సాగుతుంటే ఆ పూటకు ఒట్టి పేస్టీలే. నాలుగు దెబ్బలు పడి, ఆగి, మళ్ళీ మొదటికొస్తే పద్యం ఎక్కడో ముడిపడిందన్నమాట. అలాంటి రోజున పేస్టీల అంచులు రాళ్ళలా తయారవుతాయి. "రెండో పాదం కుదిరినట్టు లేదే ఇవాళ, పన్ను కదిలింది" అంటాడతను ఫలహారం దగ్గర.

బూలండీ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీది టీ గది కెజయాది. ఇంజను నీళ్ళు పట్టుకునేంతసేపూ జనం దిగి, నిలబడే టీ తాగుతారు. మాంసం ముక్కలూ బంగాళాదుంపా టర్నిప్పూ కూరి, కజ్జికాయలా అంచు మెలిపెట్టి కాల్చిన పేస్టీ ఒకటి చేతిలో పెట్టుకుని, మూతి తుడుచుకుంటూ మళ్ళీ బండెక్కేస్తారు. రైలు కదిలిపోయాక ఆ గది ఊరివాళ్ళదవుతుంది. ఎర్రదుమ్మూ ఈగలూ వాళ్ళ వెంటే వస్తాయి. గోధుమ బస్తాలు తోలే డిన్నీ కీహో బెంచీ ఈ చివరా, జీన్లూ కళ్ళేలూ కుట్టే జర్మను షిర్మర్ ఆ చివరా కూర్చుంటే, మిగతా ఊరు వాళ్ళిద్దరి మధ్యా సర్దుకునేది.

ఈ కథ జరిగింది పంతొమ్మిదివందల పదో సంవత్సరపు వేసవిలో. కోతలైపోయి, స్టేషను గోదాము పక్కన బస్తాలు ఇళ్ళంత ఎత్తున పేర్చి ఉన్న రోజులు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రైల్లో సిడ్నీ నుంచి 'బిల్లీ' వచ్చేది. నిప్పుల మీద టీ కాచుకునే తగరపు డబ్బాను ఇక్కడ బిల్లీ అంటారు, ఆ వారపత్రిక పేరూ అదే. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళూ పశువుల మందలు తోలేవాళ్ళూ రాసిన పద్యాలూ కథలూ వేసే పత్రిక అని దానికి పేరు. అయితే జనం ముందు తిప్పేది పద్యాల పేజీ కాదు, 'అడుగు మడ్డి' అనే పేజీ. వేసుకోని రచనలకు ఎడిటరు ఒక్కొక్క ముక్కలో జవాబు చెప్పే చోటది. రాసేవాళ్ళు మారుపేర్లతో పంపేవారు. ఎడిటరు ఆ మారుపేరూ పక్కన ఊరిపేరూ అచ్చువేసి మరీ వాయించేవాడు. తిట్టు తిన్నవాళ్ళు సైతం ఆ ముక్క కత్తిరించి గోడకంటించుకునేవారు. ఆ ఎడిటరు నోట పడటం కూడా ఒక గౌరవమే.

ఆ శుక్రవారం చదువుతున్నది డిన్నీ. చదవడం వచ్చినవాళ్ళు ఆ గదిలో ఇంకా ఉన్నారు గాని, అంత గొంతు మరెవరికీ లేదు.

"'పాత జీను, బూలండీ: కుడివైపు నుంచి గుర్రమెక్కే మనిషిని మా ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మీరు చూసి ఉంటే ఈసారి ఆ మనిషిని పంపండి, పద్యం వద్దు.'"

గది గొల్లుమంది. నవ్వుతూ నవ్వుతూ డిన్నీయే ఆగాడు.

"ఉండండెహె. బూలండీ అంటున్నాడు. అంటే మనోడే!"

"మనోడా?" షిర్మర్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "నా దగ్గర జీను కొన్నవాళ్ళలో కుడివైపు నుంచి ఎక్కే వెధవ ఎవడూ లేడు."

"నీ దగ్గర కొన్నోడు ఎటునుంచి ఎక్కితే ఏంటి బాబూ, అటునుంచి జారడమేగా!"

"కెజయమ్మా, కెజయమ్మా! కప్పులోకి! సాసరు నిండిపోతోంది!" అని ఎవరో అరిచారు.

కెజయా ఉలిక్కిపడి టీ కూజా ఎత్తింది. పాత జీను ఆమే.

ఆమె పుట్టింది రాగి గనుల ఊళ్ళో. అక్కడ గుర్రమంటే గని నోటి దగ్గర గుండ్రంగా తిరుగుతూ బకెట్లు పైకి లాగేది, మనిషిని ఎక్కించుకునేది కాదు. పెళ్ళయ్యాక బతుకంతా రైలు పక్కనే. జబెజ్‌ది పట్టాలు సరిచేసే పని. ఎక్కడానికి గుర్రమంటూ ఆమె జీవితంలోకి రానేలేదు.

"ఎక్కని గుర్రాలంటే నీకెందుకే అంత మోజు?" అని జబెజ్ ఆ సాయంత్రం అడిగాడు. ఈ గుట్టు తెలిసింది అతనొక్కడికే. కవరు పట్టుకెళ్ళి రైల్లో గార్డు చేతికిచ్చి వచ్చేదీ అతనే.

"వాళ్ళు వేసుకునేవి గుర్రాలేనయ్యా. పేస్టీల మీద రాస్తే ఎవడు వేస్తాడు? రాసింది టీ గది వంటావిడని తెలిస్తే చదవనైనా చదవరు."

"చదవకపోతే తిట్టడు కూడాను. హాయి కదా."

"ఒక్కసారి." కెజయా చేతులకంటిన పిండి దులుపుకుంది. "ఒకే ఒక్కసారి నా మాటలు ఆ కాగితం మీద అచ్చులో చూసుకుంటే చాలు నాకు. ఆ తర్వాత నోరెత్తను."

"నువ్వా? నోరెత్తవా? అయితే ఎడిటరు కాళ్ళయినా పట్టుకుంటాను నేను!"

మర్నాడు టీ గదిలో ఒక వింత మొదలైంది. గోడకు పెద్ద పలక ఒకటి వేలాడుతుండేది. దాని మీద కెజయా 'నేటి పేస్టీ: గొర్రె' అని పొద్దున్నే రాసేది. మధ్యాహ్నానికి దాని కింద షిర్మర్ గుండ్రటి అక్షరాలు వెలిశాయి: 'పాత జీనుకు మనవి. గుర్రమును ఎడమవైపు నుండి ఎక్కవలెను.' దాని కింద డిన్నీ: 'మంద తోలేవాడు ముందు నడవడు, పక్కన నడుస్తాడు. ముందు నడిస్తే వాణ్ణే మంద తోలుతుంది.' ఇంకెవరో: 'పరిగెత్తే గుర్రం సకిలించదు. నువ్వు పరిగెత్తుతూ పాడగలవా?'

నవ్వింది తామే అయినా, సిడ్నీవాడు నవ్వేసరికి ఊరికి రోషం వచ్చింది. పాత జీను ఎవరో తెలియదు. తెలిసినా తెలియకపోయినా తమవాడు. తమవాడికి నేర్పుకోవడం తమ బాధ్యత. ఎప్పటికో ఒకప్పుడు ఆ పలక ముందుకు వస్తాడు, చదువుకుంటాడు అని వాళ్ళ నమ్మకం. పాత జీను రోజూ సాయంత్రం ఆ పలక చివరిదాకా చదువుకుని, తడిగుడ్డతో తుడిచి, తలుపు వేసుకుని ఇంటికెళ్ళేది.

నేర్చుకున్నదంతా పెట్టి ఆమె మళ్ళీ రాసింది. ఎడమవైపు నుంచి ఎక్కించింది. మంద పక్కన నడిపించింది. గుర్రం నోరు కట్టేసింది. జవాబు వచ్చింది.

"'పాత జీను, బూలండీ: ఈసారి గుర్రం పక్కాగా ఉంది. పళ్ళూ డెక్కలూ జీనూ కళ్ళెమూ అన్నీ సరిపోయాయి. వేలంపాటకు పంపండి, మంచి ధర పలుకుతుంది.'"

ఎవరూ నవ్వలేదు. షిర్మర్ ముఖం కందగడ్డ అయింది. "జీను సంగతి చెప్పింది నేను. అంటే నన్నన్నాడా వాడు?"

"అందర్నీ అన్నాడు," అన్నాడు డిన్నీ. "ఇదిగో, పలక మీద రాస్తే లాభం లేదు. మనిషిని పట్టుకుని నేర్పాలి. అసలు ఎవడై ఉంటాడ్రా? మనూళ్ళో చొక్కా చేతికి సిరా మరకలుండేది ఎవరికి?"

అందరి చూపులూ ఒకేసారి కిటికీలోంచి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాయి. స్టేషను మాస్టరు పెటిఫర్ అక్కడ నిలబడి తలెత్తి ఆకాశం చూస్తున్నాడు. నిజానికి ఆయన చూసేది సిగ్నలు చెయ్యి వాలిందా లేదా అని. కాని సిరా మరకల గురించి మాట్లాడుకుంటున్నవాళ్ళకు అది కవి చూపులాగే కనబడింది.

పెటిఫర్ మాస్టారు భార్య పోయాక ఈ ఊరికి బదిలీ అయి వచ్చాడు. వచ్చి రెండేళ్ళవుతున్నా రైళ్ళ వేళలు తప్ప ఆయన నోట మరో మాట విన్నవాళ్ళు లేరు. రోజూ మధ్యాహ్నం మూడింటికి టీ గదికొచ్చి, కౌంటరు దగ్గర నిలబడి టీ తాగి, "ధన్యవాదాలు మిసెస్ ట్రెలోర్" అని వెళ్ళిపోయేవాడు. ఆయన్ను కూర్చోమనాలని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు డిన్నీ ఎదురెళ్ళాడు. "మాస్టారూ, దాచకండి. పాత జీను మీరేగా?"

మాస్టారి ముఖం చెవుల దాకా ఎరుపెక్కింది. నోరు తెరిచాడు. ఈలోగా షిర్మర్ కుర్చీ లాగి వేశాడు. ఎవరో టోపీ అందుకున్నారు. ఇంకెవరో బన్ను ఆయన ముందుకు జరిపారు. ఆయన కుర్చీని చూశాడు, బన్నుని చూశాడు, కూర్చున్నాడు.

"అలాంటివి... పైకి చెప్పుకునేవి కావు," అన్నాడు.

"చూశారా! నేను చెప్పలే!" అని డిన్నీ బల్ల చరిచాడు.

కౌంటరు వెనక కెజయాకు ఒళ్ళు మండిపోయింది.

"నా తిట్లు ఆయన తింటున్నాడయ్యా! నా టీ తాగుతూ, నా కళ్ళముందే!" అంది ఇంటికెళ్ళాక.

జబెజ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "తిట్లేగా, తిననీవే. పొగడ్తలొచ్చినప్పుడు చూద్దాం."

కాని ఆ కోపం ఆమెకు నిలవలేదు. మాస్టారు ఇప్పుడు మూడు కొట్టకముందే వస్తున్నాడు. డిన్నీ ఆడగుర్రం డచెస్‌కు పంటి నొప్పి తగ్గిందా అని అడుగుతున్నాడు. ఒకరోజు ప్లాట్‌ఫారం మీద కూనిరాగం తీస్తూ కనబడ్డాడు. నీళ్ళ తొట్టి మీది గలా చిలకలు ఎగిరిపోయాయి గాని, రాగం చెడ్డది కాదు. 'పోనీలే పాపం' అనుకుని కెజయా ఆయన బన్నుకు కాస్త ఎక్కువ వెన్న రాసింది.

తర్వాతి శనివారం మధ్యాహ్నం, రైళ్ళేవీ లేని వేళ చూసి, డిన్నీ డచెస్‌ను బండి విప్పి స్టేషను వెనక ఆవరణలోకి తెచ్చాడు. జీను షిర్మర్‌ది. గుర్రాల మీద రాసేవాడు ఒక్కసారైనా గుర్రమెక్కకపోతే ఊరికే తలవంపులని తీర్మానం.

"నాకు అలవాటు..." అన్నాడు మాస్టారు.

"అలవాటు ఎక్కితేనే అవుద్ది మాస్టారూ. ఎడమకాలు! అటు కాదు, ఇటు ఎడమ!"

కెజయా టీ గది వెనక కిటికీలోంచి చూస్తోంది. చేతులకు పిండి ఉండగానే. ముగ్గురు కలిసి మాస్టారిని పైకి ఎత్తారు. డచెస్ మంచి గుర్రం, వయసు మళ్ళింది, నాలుగడుగులు గౌరవంగా వేసింది. మాస్టారు టోపీ సర్దుకున్నాడు. ఇంకో నాలుగడుగులు వేసేసరికి ఆయనకు ఇక చాలనిపించింది. ఆపాలి. కళ్ళెం రెండు చేతులా పట్టుకుని ఉండాల్సిన మనిషి, ఇన్నేళ్ళ ఉద్యోగపు అలవాటు కొద్దీ, జేబులోంచి ఈల తీసి గట్టిగా ఊదాడు.

ఆయన ఈల వేస్తే ఎంత పెద్ద రైలైనా ఆగేది. కాని డచెస్‌కు ఆ ఈల అర్థం వేరు. రోజూ సాయంత్రం గూడ్సు బండి బయల్దేరుతూ అదే ఈల మోగేది. అది మోగగానే డిన్నీ బండి ఇంటిదారి పట్టేది. ఇంటి దగ్గర దాణా ఉండేది. డచెస్ చెవులు నిక్కబొడుచుకుని దాణా వైపు దౌడు తీసింది. గోదాము మలుపులో అది ఒకవైపు తిరిగింది, మాస్టారు ఇంకోవైపు వెళ్ళాడు. అదృష్టవశాత్తూ అక్కడ పొట్టు కుప్ప ఉంది.

దెబ్బ ఒక్కటీ తగల్లేదు. పొట్టులోంచి ముందు టోపీ లేచింది, తలమీదే ఉంది. తర్వాత మాస్టారు లేచాడు. అందరూ కడుపుబ్బా నవ్వి, ఆయన్ను దులిపి, టీకి తీసుకెళ్ళారు.

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్ళేముందు కెజయా వంటింట్లో కర్ర చప్పుడు మొదలైంది. తకిట తకధిమి, తకిట తకధిమి. ఎక్కడా ఆగలేదు. ముడిపడలేదు. జబెజ్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏమైందే? పేస్టీలా, పద్యమా?"

"రెండూనయ్యా. మాట్లాడించకు!"

సోమవారం కవరు గార్డు చేతికి వెళ్ళింది. రాస్తున్నంతసేపూ ఆమెకు మాస్టారు ఒక మనిషని తోచలేదు. ఆయన కాళ్ళూ చేతులూ ఈలా టోపీ అన్నీ పద్యానికి ఎక్కడెక్కడ అమరుతాయా అన్నదే ధ్యాస.

రెండు వారాల తర్వాత డిన్నీ 'అడుగు మడ్డి' పేజీ తిప్పి, గొంతు సవరించుకుని, చదవబోయి, చదవలేకపోయాడు. కాగితం షిర్మర్ లాక్కున్నాడు.

"'పాత జీను, బూలండీ: ఎక్కారు! పద్యం వచ్చేవారం.'"

టోపీలు పైకప్పుకు తగిలాయి. మాస్టారిని కుర్చీతో సహా ఎత్తారు. "దించండి, దించండి," అంటున్న ఆయన ముఖంలో రక్తం చుక్క లేదు. దాన్ని వాళ్ళు వినయమనుకున్నారు. అప్పటికప్పుడే నిర్ణయమైపోయింది. వచ్చే శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో ఊరందరికీ టీ సభ. పత్రికల కట్ట సభలోనే విప్పాలి, అంతదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మాస్టారు లేచి స్వయంగా తన పద్యం చదువుతారు.

"కేకులు నువ్వే చెయ్యాలి కెజయమ్మా," అన్నాడు డిన్నీ. "కుంకుమపువ్వువి. కవిగారికి తగ్గట్టు ఉండాలి."

కెజయాకు మొదట గుండె గంతులేసింది. అచ్చు! తన మాటలు అచ్చు! కప్పులో టీ చల్లారేలోగానే ఆ గంతులు ఆగిపోయాయి. మాస్టారు నిండు సభలో లేస్తాడు. పత్రిక తెరుస్తాడు. పొట్టులో పడ్డ తన కథ తనే, చూసుకోకుండా, గట్టిగా చదువుతాడు.

"ఊరుకున్నానంటే ఆయన నవ్వులపాలు," అంది జబెజ్‌తో. "ఊళ్ళో చెప్పానంటే ఆయన అబద్ధాలకోరు."

"రెండూ ఆయన నెత్తినే పడ్డాయి పాపం."

"ఆయనకి కుర్చీ దొరికి నెల కూడా కాలేదయ్యా!"

జబెజ్ పైపు దులిపి, మళ్ళీ నింపి, వెలిగించుకున్నాడు. "పద్యం మాత్రం బాగుందే," అన్నాడు చివరకు. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. అది బాగుందని ఆమెకూ తెలుసు. అంత బాగా ఇంకెప్పుడూ కుదరదేమో కూడా.

మర్నాడు ఆమె ఏప్రాన్ విప్పి, టోపీ పెట్టుకుని, టికెట్ల కిటికీ దగ్గరకు వెళ్ళింది. పద్యం ఆపించాలంటే తంతి కొట్టాలి. బూలండీలో తంతి మిషను ఒక్కటే ఉంది. దాని ముందు కూర్చునేది పెటిఫర్ మాస్టారే.

"తంతి ఇవ్వాలండి."

"చెప్పండి మిసెస్ ట్రెలోర్." ఆయన మీట మీద వేలు పెట్టాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్ర పట్టినట్టు లేదు. "ఎవరికి?"

"సిడ్నీకి. 'బిల్లీ' ఎడిటరుగారికి."

వేలు కదల్లేదు. "సందేశం?"

"పద్యం వేయొద్దు."

"ఏ పద్యమని చెప్పాలి?"

"పాత జీను పద్యం."

"పంపేవారి పేరు?" అన్నాడు మాస్టారు, చాలా మెల్లగా.

కెజయా తన బూట్ల వైపు చూసుకుంది. "పాత జీను."

బయట ఎవరో బస్తాలు దొర్లిస్తున్నారు. మాస్టారు మీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను కాదని ఆ రోజే చెప్పాల్సింది," అన్నాడు. "చెబుదామనే నోరు తెరిచానండి. ఈలోగా షిర్మర్ కుర్చీ వేశాడు. ఈ ఊరొచ్చాక నాకు ఎవరూ కుర్చీ వేయలేదు. టీ చల్లారేలోగా చెబుదామనుకున్నాను. తర్వాత రేపు చెబుదామనుకున్నాను." ఆగి, తలెత్తాడు. "అయితే మీరెందుకు ఆపుకోవడం? మీ పద్యం. మీ సొత్తు."

"అందులో మీరున్నారు మాస్టారూ. గుర్రం మీదున్నారు. కొంతసేపు."

ఆయనకు అర్థమైంది. మళ్ళీ చెవులు ఎర్రబడ్డాయి. "చదవండి," అన్నాడు.

"నోటికొచ్చు గాని, చేతిలో కర్ర లేకపోతే రాదండి నాకు."

ఆయన లేచి మూలనున్న పచ్చజెండా తెచ్చి, గుడ్డ చుట్టి, కర్ర వైపు ఆమెకు అందించాడు. కెజయా కిటికీ చెక్క మీద తాళం వేస్తూ మొదలుపెట్టింది.

"పచ్చజెండా ఊపగానే పరుగుతీయును పొగలబండి,
ఎర్రజెండా చూపగానే ఎక్కడున్నా ఆగునండి.
ఇంత ఇనుమును ఏలు వారొక ఈల వేసిరి గుర్రమెక్కి;
ఇంటికనుకొని దౌడు తీసెను డచెసు రాణీ తోక నిక్కి.
దొరలు పొట్టున, బూట్లు మింటన, టోపి మాత్రం తలను నిలిచె;
టోపి నిలిచిన చోట రైలుకు లోటు లేదని ఊరు తలచె."

ముగిసింది. మాస్టారు ముఖం కోపంతో గట్టిపడిందో, కన్నీళ్ళకు సిద్ధంగా ఉందో కెజయాకు అంతుపట్టలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బూట్లు కాదండి. ఒక్క బూటే పైకి లేచింది. రెండోది పొట్టులో కూరుకుపోయింది."

"మార్చమంటారా?"

"వద్దు. ఒకటైతే తాళం తప్పుతుంది." అని, ఆయన ముందు భుజాలతో నవ్వాడు, తర్వాత మీసాలతో, తర్వాత బల్ల పట్టుకుని నవ్వాడు. ఆ గదిలో అలాంటి చప్పుడు మునుపెన్నడూ వినబడలేదు. బస్తాలు దొర్లించేవాళ్ళు ఆగి చూశారు.

"మరి తంతి?" అంది కెజయా.

"రూలు ప్రకారం పంపేవారి పేరు సరిగ్గా తేలాలి. పాత జీనులు ఈ ఊళ్ళో ప్రస్తుతానికి ఇద్దరున్నారు. ఈ తంతి పోదు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "శుక్రవారం నేనే చదువుతాను. మీరు కేకుల సంగతి చూసుకోండి."

"చదివాక?"

ఆయన పచ్చజెండా అందుకుని మళ్ళీ మూలన పెట్టాడు.

శుక్రవారం చర్చి హాల్లో చీమ దూరే సందు లేదు. కెజయా వెనకాల కేకుల బల్ల దగ్గర, కత్తి చేత్తో పట్టుకుని, ఒక్క కేకూ కోయకుండా నిలబడింది. షిర్మర్ కట్ట తాడు కోశాడు. మాస్టారు పత్రిక అందుకుని, పేజీ వెతికి, రైళ్ళ రాకపోకలు చెప్పే అదే గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

రెండో పాదానికి ఎవరో కిసుక్కుమన్నారు. ఈల దగ్గరకొచ్చేసరికి హాలంతా లేచింది. 'డచెసు రాణీ' అన్నచోట డిన్నీ బెంచీ మీదికే ఎక్కాడు. "నా గుర్రం! అచ్చులో నా గుర్రం!" మాస్టారు ఎక్కడా తడబడకుండా, టోపీ దగ్గర తన టోపీ తాకి మరీ చూపించి, చివరిదాకా చదివాడు.

"శభాష్ మాస్టారూ! మీమీద మీరే రాసుకున్నారే!" అని డిన్నీ అరిచాడు.

మాస్టారు పత్రిక మడిచాడు. "పడ్డది నేను. రాసింది నేను కాదు."

హాలు సద్దుమణిగింది.

"గుర్రం మీంచి పడేవాడికి తన బూట్లు ఎటెళ్ళాయో కనబడదు. ఎదురుగా నిలబడి చూసినవారికే కనబడుతుంది. మీరంతా గుర్రం వెంట పరిగెత్తారు. పొట్టు కుప్పకు ఎదురుగా ఉన్న కిటికీ ఒక్కటే." ఆయన హాలు వెనక వైపు చూశాడు. ఒక్కొక్క తలే అటు తిరిగింది. "పాత జీను నేనని మీరనుకున్నారు, నేను అననిచ్చాను. మీరు కుర్చీ వేశారు, అందుకు. అది నా తప్పు."

కెజయా కత్తి బల్ల మీద పెట్టేసింది. అచ్చయిన పద్యం ఆ క్షణాన ఆమెకు గుర్తే లేదు. చూస్తున్నది మాస్టారి పక్కనున్న ఖాళీ కుర్చీనే.

డిన్నీ బెంచీ దిగి, నడిచొచ్చి, ఆ కుర్చీని కాలితో మాస్టారి వెనక్కి జరిపాడు.

"కూర్చోండి మాస్టారూ. రాయడానికేముంది, ఎవరైనా రాస్తారు. డచెస్ మీంచి అంత అందంగా పడటం ఇంకొకడి వల్ల కాదు."

అప్పుడు లేచిన నవ్వుకు కిటికీలు అదిరాయి. షిర్మర్ మాత్రం నవ్వకుండా కేకుల బల్ల దగ్గరకొచ్చాడు.

"అయితే పలక మీద నేను రాసిందంతా..."

"చదివాను షిర్మర్‌గారూ. రోజూ చదివాను."

"మరి రోజూ తుడిచేసింది ఎవరు?"

"నేనే. మర్నాటి పేస్టీ పేరెక్కడ రాయను మరి?"

షిర్మర్ చేతిలోని పత్రిక మరోసారి చూసుకున్నాడు. "గుర్రం ఉంది, ఈల ఉంది, టోపీ ఉంది. జీను నాది కదా, దాని పేరెత్తలేదేం?"

"రాసింది ఎవరి పేరుతోననుకున్నారు?" అంది కెజయా. షిర్మర్ ముఖం విప్పారింది. మొదటి కేకు ముక్క ఆయనకే కోసింది.

కేకులు పంచడం అయ్యాక ఆమె ఒక మూలకెళ్ళి పత్రిక విప్పి చూసుకుంది. పద్యం పేజీ అడుగున, గొర్రెల మందు ప్రకటన పక్కన ఉంది. వేలితో తడిమి చూసింది, అక్షరాలు కాస్త గుచ్చుకున్నాయి. జబెజ్ భుజం మీంచి తొంగిచూశాడు.

"ఇక నోరెత్తనన్నావ్, గుర్తుందా?"

"ఎప్పుడన్నానయ్యా?"

ఆ తర్వాత 'బిల్లీ' ఆమె పద్యాలు చాలానే వేసుకుంది. కథలు కూడా నాలుగైదు వేసుకుంది. తిప్పి పంపినవి అంతకన్నా ఎక్కువ. డిన్నీ వాటిని కూడా అంతే గొంతుతో చదివేవాడు. పత్రిక మూతపడి కొన్నేళ్ళయింది. పెటిఫర్ మాస్టారు ఉద్యోగం నుంచి దిగాక కూడా ఊరు వదల్లేదు.

కెజయాకు ఇప్పుడు అరవై దాటాయి. టీ గది బేరం మేనకోడలు చూసుకుంటోంది. పేస్టీలు మాత్రం రోజూ ఆమే వత్తుతుంది.